ఆఱవనాటి యుదయము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఇట్టి సభలలో స్త్రీలనుగూర్చి మాటాడువారు మనుస్మృతి తృతీయాధ్యాయములోని యొక శ్లోకముతో నారంభించుట పరిపాటి. స్త్రీలు పూజింపబడుచోట దేవతలు సంతసింతురను నా శ్లోకమును నేను ముప్పదియేండ్లు బాలురచేత వల్లెవేయించితిని. నేడు చదువను. అదే గ్రంథముయొక్క యష్టమాధ్యాయమున, తప్పుచేసిన భార్యను త్రాటితోనో వెదురుబద్దతోనో కొట్టవచ్చునని యనుజ్ఞ కలదు. మొదటిది సభలలో వినబడుచున్నది. రెండవది యిండ్లలో నడచుచున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమునుబట్టి 18 మొదలు 49 ఏండ్లలోపు వివాహితలలో భర్తచేతి హింసకు లోనైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున నించుమించు 37 మంది. ఈ లెక్కలో మన కులము చేరలేదనుకొనుటకు నాకాధార మేదియు కనబడలేదు.

శాసనములు లేకపోలేదు. 1961లో వరకట్న నిషేధశాసనము వచ్చెను. 2005 నాటి గృహహింసా శాసనము, ఇల్లు తనపేర లేకున్నను భార్యకందు నివసించు హక్కు నిచ్చినది. 1987 నాటి న్యాయసేవల శాసనమునుబట్టి యే స్త్రీకైనను, ఆమె యాదాయముతో నిమిత్తము లేక, ప్లీడరు ఉచితముగ లభించును. 2015 నుండి సఖీకేంద్రములు వెలసినవి. 181 సంఖ్యకు టెలిఫోను చేసిన పలుకువారున్నారు. కాని సఖీకేంద్రములో నామె యుండదగిన గడువు అయిదు దినములు. ఆ పిమ్మట వేఱొక శరణాలయమునకు పంపుదురు. అచ్చట చోటు దొరకనిచో, లేదా పిల్లల బడి యీ యూరనే యున్నచో, ఆఱవనాటి యుదయమున నామె యెక్కడికి పోవలయును? అద్దెగదికి ముందుగ నీయవలసిన సొమ్ము, వాయిదాకు పోయిననాడు పోయెడి కూలి, బస్సు ఖర్చు, బిడ్డ బడిజీతము: ఇవి యే సర్కారు పద్దులోనికిని సులభముగ నెక్కవు. ఆపత్తులందు దప్ప భర్త స్త్రీధనమును ముట్టరాదని యాజ్ఞవల్క్యుడు శాసించెను. ఆ బంగార మత్తగారి బీరువాలో నుండగా నామె వట్టిచేతులతో గడప దాటుచున్నది.

మన పెద్దమనుష్యుల పంచాయితీల సంగతియు చెప్పవలయును. వారు దుష్టులు కారు. పుట్టింటివారికి ఖర్చు భయము, ఇంక పెండ్లికాని చెల్లెలి భయము. ఇచ్చుటకు చేతిలో నేమియు లేనందున పెద్దలు "సర్దుకొనిపొమ్మా" యని యోర్పు నుపదేశించి పంపుచున్నారు. రాజీ యని దానికి పేరు.

1881 డిశంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము చేయించిరి. ఆయన ధైర్యమును మనము కొనియాడుదుము. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారి ధనమును మఱచితిమి. వెలివేయబడిన దంపతులకు తిండియు నీడయు గావలసియుండెను గదా! ఇక నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. రాత్రిబడిలో నక్షరములు దిద్దుచు, త్రాగివచ్చి కొట్టు మగలనుగూర్చి తమలో తాము మాటాడుకొని, 1992లో సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. తరువాత నా జిల్లా స్త్రీలు దినమున కొక రూపాయి చొప్పున పొదుపుసంఘములు కట్టుకొనిరి. అక్షరములు నేర్పుట నా వృత్తి గనుక నీ కథ చెప్పునపుడు నాకు కొంత గర్వము కలుగును; మన్నింపుడు.

కావున నా ప్రార్థన యిది. కల్యాణమండపపు సాలుసరి యాదాయములో పదవవంతు నీ పనికి ప్రత్యేకింపవలయును. ఒక్కసారి యిచ్చి ఫోటో తీయించుకొను దానము కాదు, ఏటేట నీయవలయును. మనము క్రొత్తభవన మేదియు కట్టవద్దు. మన పట్టణమున నిదివఱకే యీ సేవ చేయుచున్న స్త్రీల సంఘముల కీ సొమ్ము చేరవలయును. పంచిపెట్టు సమితిలో స్త్రీలే యుండవలయును. వచ్చినయామె కులము నడుగరాదు. రాజీ కొప్పుకొన్నగాని సాయము లేదను నిబంధన యుండరాదు. లెక్కలు ఆడిటు కావలసినదే, కాని పేర్లు బయటికి రారాదు. ఇందు దాతల కొక కష్టము కలదు. విద్యార్థివేతన మిచ్చినవారు విద్యార్థిని వేదికపై చూపగలరు. మండపమునకిచ్చినవారు పాలరాతిపై పేరు చెక్కించుకొనగలరు. ఈ నిధివలన బ్రతికినయామెను ఎవరును చూపలేరు. చూపిన నామె భర్త యామె జాడ కనిపెట్టును.

ఈ తీర్మానము నేటి మధ్యాహ్నము రెండుగంటలకు సర్వసభ్యసభకు వచ్చును. ఆ వేళకు మన స్త్రీలు వంటశాలలో నుందురు. వారును వచ్చి చేతులెత్తుటకు వీలుగా, ఆ గంటసేపు వడ్డనపని యువకులు పూనుకొనవలసినదిగ కోరుచున్నాను.