వెండి నుంచి మంచుకు: ఆస్పెన్ పట్టణం కథ

ఒక కొండ పట్టణాన్ని నిలబెట్టేది ప్రకృతి సంపదా, అక్కడ నివసించే మనుషులా? అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న ఆస్పెన్ పట్టణం ఉదాహరణగా ఈ విషయం పరిశీలిద్దాం.

రాకీ పర్వతాల్లోని ఈ లోయ యూట్ తెగవారిది. 1879లో వెండి కోసం గని పనివారు వచ్చారు. 1881లో కొలరాడోలోని యూట్ ప్రజల్లో చాలామందిని యూటాకు తరలించారు. 1893లో ప్రభుత్వం వెండి కొనుగోలు చట్టాన్ని రద్దు చేసింది. వెండి ధర పడిపోయి గనులు మూతబడ్డాయి. వేలమంది వలసపోగా, 1930 జనాభా లెక్కల నాటికి మిగిలినవారు 705 మందే.

ఈ కొద్దిమందే 1930ల చివర్లో చెట్లు కొట్టి, వాలు మీద స్కీయింగ్ బాట వేశారు. గనిలో బరువులు లాగిన పాత యంత్రానికి కారు ఇంజను జోడించి, చక్రాలు లేని చెక్కబండ్లలో మనుషులను కొండపైకి లాగారు. గమనించారా? ఖనిజాన్ని పైకి చేర్చిన పరిజ్ఞానమే ఆటకూ ఉపయోగపడింది!

షికాగో వ్యాపారి వాల్టర్ పెప్కే పెట్టుబడి సమకూర్చగా 1947లో చెయిర్ లిఫ్ట్ లాంఛనంగా ప్రారంభమైంది. సంగీతోత్సవాలు, 1962లో భౌతికశాస్త్ర కేంద్రం వచ్చాయి. వాటితోపాటు ధనికులూ వచ్చారు. ఇళ్ల ధరలు పెరిగి, పనిచేసేవారికి ఊళ్లో చోటు కరువైంది. అందుకే స్థానిక ప్రభుత్వాలు 1970ల నుంచి కార్మికులకు అందుబాటు ధరల్లో ఇళ్లు కేటాయిస్తున్నాయి. అయినా ఎందరో దూరపు ఊళ్ల నుంచి రోజూ బస్సుల్లో వస్తున్నారు.

మీరు ఏ పర్యాటక కేంద్రానికి వెళ్లినా ఒక్కటి అడిగి చూడండి: ఇక్కడి గదులు ఊడ్చేవారు రాత్రికి ఎక్కడ నిద్రపోతున్నారు? ఆ ఊరి సామాజిక చరిత్ర ఆ జవాబులోనే ఉంటుంది.