15 మ్యాచ్‌లు గెలిచిన టీమే బలమైన టీమా? ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్‌కి ముందు ఒక లెక్క

మొన్న జనవరి 5న ఎన్‌ఎఫ్‌ఎల్ 2024 సీజన్ లీగ్ మ్యాచ్‌లు అయిపోయాయి. 32 టీమ్‌ల్లో 14 మిగిలాయి. ఈ వీకెండ్ నుంచి ప్లేఆఫ్స్. వారం నుంచి మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గొడవ: అన్నిటికన్నా బలమైన టీమ్ ఏది? ఒకడు చీఫ్స్ అంటాడు, ఇంకొకడు లయన్స్ అంటాడు. ఇద్దరూ చూపించే సాక్ష్యం ఒక్కటే, "మావాళ్లు 15 గెలిచారు, 2 ఓడారు" అని. ఇవాళ ఆ 15ని కొంచెం విప్పి చూద్దాం.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క మాట. ఐపీఎల్‌లో టేబుల్‌లో మొదటి రెండు ప్లేసుల్లో ఉంటే, ఒకసారి ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది కదా. ఇక్కడ అది లేదు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఏఎఫ్‌సీలో ఫస్ట్ వచ్చిన చీఫ్స్‌కీ, ఎన్‌ఎఫ్‌సీలో ఫస్ట్ వచ్చిన లయన్స్‌కీ మాత్రం మొదటి వారం రెస్ట్. మిగతా 12 టీమ్‌లూ ఆడాల్సిందే. కాబట్టి అసలు ప్రశ్న ఎన్ని గెలిచారు అని కాదు. ఎలా గెలిచారు, ఇప్పుడు ఎవరు మిగిలారు అని.

ముందు కాన్సాస్ సిటీ చీఫ్స్. మన నెట్ రన్ రేట్ లాంటిదే ఇక్కడా ఒకటుంది: వేసిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసేయడం. చీఫ్స్ 385 వేశారు, 326 ఇచ్చారు. అంటే ప్లస్ 59. అదే 15 గెలిచిన డెట్రాయిట్ లయన్స్‌ది ప్లస్ 222! "అరే, చివరి మ్యాచ్‌లో మెయిన్ ప్లేయర్స్‌కి రెస్ట్ ఇచ్చి డెన్వర్ చేతిలో 38-0తో ఓడారు, అది లెక్కలోకి తీసుకోకూడదు" అంటారా? సరే, తీసేద్దాం. అప్పుడు కూడా ప్లస్ 97 మాత్రమే. 8 పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో తేలిన మ్యాచ్‌లు 11 ఆడితే, 11కి 11 గెలిచారు. నవంబర్‌లో డెన్వర్ మీద ఆఖరి సెకన్లలో అవతలివాళ్ల కిక్‌ని అడ్డుకుని 16-14తో బయటపడ్డారు. ఇది అదృష్టమా, అనుభవమా? రెండూ ఉన్నాయని నా లెక్క. వరసగా రెండేళ్లు కప్పు కొట్టినవాళ్లకి టెన్షన్‌లో చెయ్యి వణకదు. కానీ ప్రతిసారీ అంచు మీద నడిచేవాణ్ని బలవంతుడు అనలేం, గట్టి గుండె ఉన్నవాడు అంటాం.

మరి లయన్స్? ఈ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు వేసింది వీళ్లే, 564. 2008లో 16కి 16 మ్యాచ్‌లూ ఓడిన టీమ్ ఇది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా సూపర్ బౌల్ ఆడలేదు. పోయినేడాది సెమీస్ లాంటి మ్యాచ్‌లో సగం ఆటకి 24-7 ముందుండి, 34-31తో ఓడిపోయారు. అందుకే డెట్రాయిట్ జనం ఈసారి ఎంత ఆశగా ఉన్నారో అర్థం చేసుకోవచ్చు. నాక్కూడా వాళ్లు గెలిస్తే బాగుండనే ఉంది. కానీ ఇష్టం వేరు, అంచనా వేరు. 5 మ్యాచ్‌ల్లోనే 7.5 శాక్స్ తీసిన ఐడన్ హచిన్సన్ అక్టోబర్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు. డిసెంబర్‌లో అలీమ్ మెక్‌నీల్ మోకాలు పోయింది. మెక్‌నీల్ గాయపడ్డ అదే మ్యాచ్‌లో సొంత గడ్డ మీద బఫలోకి 48 పాయింట్లు ఇచ్చారు. మొన్న మిన్నెసోటాని 9 పాయింట్లకే ఆపారు, నిజమే. కానీ ఆ 222లో పెద్ద భాగం ఆరోగ్యంగా ఉన్న లయన్స్‌ది. జనవరిలో ఆడబోయేది ఆ టీమ్ కాదు.

ఇప్పుడు బఫలో బిల్స్. చీఫ్స్‌నీ ఓడించారు, లయన్స్‌నీ ఓడించారు. ఇంకేం కావాలి అని మా ఫ్రెండ్ ఒకడు రోజూ మెసేజ్ పెడతాడు. వాడికి నా జవాబు: డిసెంబర్‌లో వరసగా రెండు మ్యాచ్‌ల్లో మీవాళ్లు 44, 42 పాయింట్లు ఇచ్చారు నాయనా. జోష్ అలెన్ ఒక్కడే ఎంతని మోస్తాడు? పైగా ప్లేఆఫ్స్‌లో మహోమ్స్ ఎదురుగా అలెన్ 3 సార్లు ఆడి, 3 సార్లూ ఓడాడు. ఈసారి ఎదురుపడితే ఆ మ్యాచ్ మళ్లీ కాన్సాస్ సిటీలోనే.

బాల్టిమోర్ రేవెన్స్ సంగతి చాలామంది మర్చిపోతున్నారు, 12 మాత్రమే గెలిచారని. లమార్ జాక్సన్ 41 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 4 సార్లే బంతి అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. సెప్టెంబర్‌లో బిల్స్‌ని 35-10తో చితక్కొట్టింది వీళ్లే. ఏఎఫ్‌సీలో నా ఓటు వీళ్లకే.

ఇక మొత్తం మీద? ఫిలడెల్ఫియా ఈగిల్స్. తిట్టుకోకండి, కారణాలు వినండి. మొదటి 4 మ్యాచ్‌ల్లో 2 ఓడారు. ఆ తర్వాత 13 ఆడి 12 గెలిచారు. ఓడిన ఆ ఒక్కటీ 36-33. అదీ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తలకి దెబ్బ తగిలి మధ్యలో వెళ్లిపోయిన మ్యాచ్. సాక్వాన్ బార్క్‌లీ 2005 యార్డులు పరిగెత్తాడు. ఒక సీజన్ రికార్డ్ 2105, అది 1984 నుంచి అలాగే ఉంది. ఇంకో మ్యాచ్ ఆడితే అందుకునేవాడేమో, అయినా ఆఖరి మ్యాచ్‌లో రెస్ట్ ఇచ్చారు. వాళ్ల కళ్లు కప్పు మీద ఉన్నాయని అక్కడే తెలిసింది. డిఫెన్స్ చూస్తే, లీగ్ మొత్తంలో తక్కువ యార్డులు ఇచ్చింది వీళ్లే. పైగా నేను ఇంతసేపు పొగిడిన రేవెన్స్‌ని, బాల్టిమోర్ వెళ్లి మరీ 24-19తో ఓడించారు. చలిలో, గాలిలో పాస్‌లు కష్టమైనప్పుడు, పరిగెత్తగలిగే టీమ్, ఆపగలిగే టీమ్ నిలబడతాయి. ఈగిల్స్‌కి ఆ రెండూ ఉన్నాయి.

నా లెక్క తప్పే చోటు కూడా చెప్పేస్తా. హర్ట్స్ చివరి రెండు మ్యాచ్‌లూ ఆడలేదు. అతను పాత హర్ట్స్‌లా ఆడకపోతే ఈ ముచ్చటంతా వేస్ట్.

చివరిగా ఒక అన్యాయం. మిన్నెసోటా వైకింగ్స్ 14 గెలిచారు. కానీ సొంత డివిజన్‌లో లయన్స్ ఉండటం వల్ల ఐదో సీడ్. అందుకని 10 గెలిచిన రామ్స్ దగ్గరికి వీళ్లే వెళ్లి ఆడాలి. సీజన్ మొత్తంలో వైకింగ్స్‌ని ఓడించినవి రెండే టీమ్‌లు: లయన్స్ రెండుసార్లు, రామ్స్ ఒకసారి. గెలుపుల సంఖ్య ఒక్కటే అన్నీ చెప్పదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మన టైమ్ రాసుకోండి. ఈగిల్స్-ప్యాకర్స్ మ్యాచ్ సోమవారం తెల్లవారుజామున 3 గంటలకి. భోగి రోజు కదా, ఎలాగూ మంట వేయడానికి లేస్తారు, ఇంకో గంట ముందు లేవండి. వైకింగ్స్-రామ్స్ సంక్రాంతి పొద్దున 6:30కి. ముగ్గు మీద అడుగేయకుండా ఫోన్ చూడండి, లేదంటే అమ్మ డిఫెన్స్ ముందు ఏ టీమూ ఆగదు. ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లో ఫైనల్. నేను తప్పని తేలితే ఇదే వీడియో మళ్లీ వేసి, మీ ముందే చూసుకుంటా. అందరికీ ముందుగా పండగ శుభాకాంక్షలు. ఉంటా మరి.