రెండు ప్రతులు, ఒక పత్రము



పూర్వము పంపకపు దస్తావేజునకు అన్నదమ్ములెందరో అన్ని ప్రతులు వ్రాయించెడివారు. ఒకరి ప్రతిలో కొట్టివేత జరిగినచో తక్కినవి యెరుగవు. తగవు పుట్టుట కదియే చాలును. నేడు చేతి ఫోనులోను ఇంటి కంప్యూటరులోను జతపరచి యుంచిన పత్రమును ఒకచోట దిద్దినచో, రెండవచోట తనంత తానే దిద్దుకొనుచున్నది. ఇది యెట్లు జరుగునో, ఎచ్చట తప్పునో ముచ్చటింతము.

చెరువు నీటి వంతుల పట్టీ యొకటి ఈ రెండిటియందును ఉన్నదనుకొందము. అది మారినదని యంత్రమెట్లు గ్రహించును? పత్రపు పరిమాణమును, కడపట దిద్దిన వేళను చూచుట తేలిక మార్గము. కాని 450 ని 540 గా దిద్దినచో పరిమాణము మారదు. గడియారము తప్పినదైనచో వేళయు నమ్మదగదు. అందుచే అందలి అక్షరములనన్నింటిని ఒక లెక్కలోనికి దింపి చిన్న ముద్ర తీయుదురు. ఎస్.హెచ్.ఏ.-256 అను లెక్క ప్రకారము తీసిన ముద్ర, చిన్న చీటికైనను మహాభారతమంత గ్రంథమునకైనను, 64 గుర్తులుగానే వ్రాయబడును. ఒక్క అంకె మారినను ముద్ర పోలిక తెలియనట్లు మారిపోవును.

మార్పు తెలిసిన పిమ్మట పత్రమంతయు పంపనక్కరలేదు. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ అనువారు ‘ఆర్‌సింక్’ అను సాధనమును వెలువరించిరి. పాత ప్రతి గల యంత్రము దానిని ముక్కలుగా చేసి, ముక్కముక్కకు ముద్ర తీసి, ఆ ముద్రలను మాత్రమే పంపును. క్రొత్త ప్రతి గల యంత్రము అట్టి ముక్కలు తనలో నెచ్చటనున్నవో వెదకి, ఆవలివారికి లేనిదానిని మాత్రమే పంపును. మొదట నొక్క అక్షరము చేర్చినచో తక్కినవెల్ల జరిగిపోవును గదా యనవచ్చును. అందులకే అది కొలబద్దను ఒక్కొక్క అక్షరము చొప్పున జరుపుచు వెదకును. ఈ నేర్పు నాకు మిక్కిలి నచ్చినది.

అసలు చిక్కు వేరొకటి. సిగ్నలు అందని పొలములో అన్న ఫోనుమీద మంగళవారపు వంతు మార్చెను. ఇంటివద్ద తమ్ముడు కంప్యూటరులో శుక్రవారపు వంతు మార్చెను. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినంతమాత్రమున ఎవరు దేనిని మార్చిరో తెలియదు. మార్పులకు ముందటి మూలప్రతి కావలెను. దానితో సరిచూచినచో ఇద్దరి దిద్దుబాట్లును ఒకే పట్టీలోనికి చేరును. ఇద్దరును మంగళవారమునే మార్చిరా, తీర్పు చెప్పుట యంత్రమునకు శక్యము కాదు. కొన్ని సాధనములు కడపటి వేళ గలదానిని నిలిపి, రెండవదానిని మాటమాత్రమైనను చెప్పక తుడిచివేయును. ఎవరి వ్రాత పోయినదో వారికి, కాలువలో నీరు రాని నాడు గాని తెలియదు. వేర్వేరు యంత్రముల గడియారములను నమ్ముకొనకయే సంఘటనల ముందువెనుకలను విచారించు త్రోవను లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపెను. మంచి సాధనములు రెండు ప్రతులను నిలిపి, ఒకదాని పేరున వివాదమున్నదని గుర్తు పెట్టును. పట్టీలు రెండగుట విసుగే. ఐనను అదియే మేలని నా అభిప్రాయము.

తుడిచివేతయు ఒక మార్పే. ఫోనులో పత్రమును తొలగించినచో కంప్యూటరులోను తొలగును. కనుక ఈ ఏర్పాటు ఉన్నదిగదా యని నకలు మానరాదు; ముఖ్యపత్రముల నకలు ఈ జతలో చేరని వేరొక చోట నుండవలెను. ఇక తొలగించిన సంగతిని యంత్రములు ఒక గుర్తుగా వ్రాసి యుంచుకొనును. ఆ గుర్తు లేనిచో, నెలల తరబడి పెట్టెలో మూలబడిన పాత ఫోను మరల వెలిగిననాడు, రద్దయిన పత్రమును తిరిగి అందరికిని పంచిపెట్టును.