ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని గంటలు?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల్లో ఎవరో ఒకరు ఏటా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూనే ఉన్నారు. టిక్కెట్టు చేతికి రాగానే అడిగేది ఒకటే: "ఎంత దూరమండీ, ఎంతసేపు కూర్చోవాలి?" ఉదాహరణకు ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోలను తీసుకుంటాను.

గ్లోబు మీద ఈ రెండు విమానాశ్రయాల మధ్య దారం బిగించి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారం ఆర్కిటిక్ మీదుగా పోతుంది. విమానం మాత్రం సరిగ్గా ఆ దారిన పోదు. ఎయిరిండియా 2015 డిసెంబరులో ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. మొదట అట్లాంటిక్ మీదుగా నడిపారు. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపారు. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి సుమారు 15,300 అయింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది! కారణం గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. తూర్పుకు పోయేవారికి అవి వెనకనుంచి తోడ్పడతాయి, పడమటికి పోయేవారికి ఎదురొస్తాయి. భూమి తిరగడం వల్ల దూరం కలిసివస్తుందని కొందరంటారు గాని, భూమితోపాటు గాలీ తిరుగుతుంది కదా!

గాలి ఒక్కటే కాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేశాక, పడమటి దారులు చుట్టు తిరిగి పొడవయ్యాయి.

ఇక అసలు సంగతి, మందులు. టిక్కెట్టు మీద వేసేది ఏ ఊరికి ఆ ఊరి టైము. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో ఎక్కి, పదహారు గంటలు ప్రయాణం చేసి దిగితే, అక్కడ అదే తేదీ ఉదయం ఆరున్నర. కాగితం మీద రెండున్నర గంటలే! అది చూసి "ఇంకా తెల్లవారిందేగా" అనుకుంటే మధ్యలో వేసుకోవలసిన బి.పి. మాత్ర తప్పిపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారి సంగతి ఇంకా జాగ్రత్త. మా అక్కయ్య వెళ్లేటప్పుడు టిక్కెట్టు తీసుకుని డాక్టరు గారి దగ్గరికే వెళ్లాం. ఆయన గడియారాన్ని పక్కన పెట్టి, ఇల్లు వదిలినప్పటి నుంచి ఎన్నో గంటకు ఏ మందో రాసిచ్చారు. మీరూ అలాగే రాయించుకోండి. మందులు చేతిసంచీలోనే ఉండాలి. సామాన్ల అరలో పడితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది.

మన హైదరాబాదు వాళ్లు దీనికి శంషాబాదు నుంచి ఢిల్లీకి రెండు గంటల పైచిలుకు, అంతకుముందు మూడు గంటల ముందస్తు హాజరు, ఢిల్లీలో నిరీక్షణ కలుపుకోవాలి. ఇల్లు వదిలి అబ్బాయి ఇల్లు చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి. మోకాళ్ల నొప్పులవారు టిక్కెట్టుతోపాటే చక్రాల కుర్చీ అడగండి, మొహమాటం వద్దు.

తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారు. చలికాలంలో సోమవారం ఉదయం 10కి అక్కడ ఎక్కితే, అదే పదహారు గంటలకు, ఢిల్లీలో దిగేది మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు. పెళ్లికి వచ్చేవారు ముహూర్తానికి ఒక రోజు ఎక్కువే ఉంచుకోవాలి.

టిక్కెట్లు తెచ్చుకున్నవారు టీ వేళ నా దగ్గరికి రండి, గంటలు కలిసి లెక్కవేద్దాం.