ఉచిత ఆతిథ్యం వెనుక ఉన్న లెక్క

 



అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో అల్లాహ్ జూదాన్ని షైతాను పనిగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు. ఈ సంగతి తెలియనివారు మనలో లేరు. అయినా గోవాకు వెళ్ళి, మాండోవీ నదిలో నిలిపిన కాసినో ఓడలు ఎక్కి వచ్చేవారిలో మన యువకులు లేరని చెప్పలేము. “పెద్దగా ఆడలేదు; గది, భోజనం ఉచితమన్నారు, అందుకే వెళ్ళాము” అంటారు. ఆ ఉచితం ఎక్కడి నుండి వస్తున్నదో చూద్దాం.

అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. అక్కడి కాసినోలలో కొన్ని టేబుళ్ళకు కలిపి ఒక ఫ్లోర్ సూపర్‌వైజర్ ఉంటాడు. ఆటగాణ్ణి పేరు పెట్టి పలకరిస్తాడు, కుశలమడుగుతాడు. అదే సమయంలో అతడు ఎన్ని గంటలకు కూర్చున్నాడు, ఎంత సొమ్ముకు చిప్స్ తీసుకున్నాడు, సగటున ఎంత పందెం కాస్తున్నాడు, ఎప్పుడు లేచాడు అన్నది నమోదు చేస్తాడు. దీనిని రేటింగ్ అంటారు.

రూపాయలలో చెప్పుకుందాం. ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రంలో 37 గడులుంటాయి. ఒక అంకెపై కాసి గెలిచినవానికి 36 రెట్లు లాభం రావాలి. ఇచ్చేది 35 రెట్లే. అంటే కాసిన ప్రతి 37 రూపాయలలో సగటున ఒక రూపాయి యజమానిది. ఒకడు వెయ్యి రూపాయల చొప్పున, గంటకు 40 సార్లు, 6 గంటలు ఆడితే కాసిన మొత్తం 2,40,000. అందులో అతడు పోగొట్టుకోవలసినది సుమారు 6,500 అని ముందే లెక్క కడతారు. ఆ 6,500లో ఒక భాగమే ఉచిత గదిగా, విందుగా తిరిగివస్తుంది. ఆ రాత్రి అతడు గెలిచి లేచినా ఈ లెక్క మారదు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు, తొందరేమీ లేదు.

బ్లాక్‌జాక్ వంటి పేకాటలో నేర్పును కూడా అంచనా వేస్తారు. ఆట తెలియనివానికి మర్యాద ఎక్కువ. ముక్కలు లెక్కపెట్టి నేర్పుగా ఆడేవాణ్ణి లేచి వెళ్ళమంటారు. అతిథి అజ్ఞానాన్ని బట్టి విస్తరి వేసే ఇంటిని ఆతిథ్యమిచ్చే ఇల్లు అనగలమా?

అజ్ఞాన కాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో వాటాలకు జూదమాడేవారు. గెలిచిన మాంసాన్ని పేదలకు పంచి గొప్పలు చెప్పుకునేవారని వ్యాఖ్యాతలు తెలిపారు. ఆకలిగొన్నవారి నోటికి అందిన ఆ ముద్ద కూడా మైసిర్‌ను హలాల్ చేయలేకపోయింది. ఇక కాసినో విందు మాటేమిటి?

సూపర్‌వైజర్ చీటీపై సాయంత్రం 4 నుండి రాత్రి 10 వరకు అని ఉంటుంది. ఆ మధ్య మగ్రిబ్ వేళ వచ్చి వెళ్ళిపోయిందని ఉండదు. చిప్స్ కొన్న సొమ్ము పిల్లవాని ఫీజా, చెల్లెలి పెళ్ళికి దాచినదా అన్నదీ ఉండదు. అవి వ్రాసుకునే కిరామన్ కాతిబీన్ వేరే ఉన్నారు.

“రా, జూదమాడదాం” అని మిత్రుణ్ణి పిలిచినవాడు దానం చేయాలని ప్రవక్త (స) ఆదేశించినట్లు అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆడినందుకు కాదు, పిలిచినందుకే. ఉచిత ప్యాకేజీ సందేశాన్ని స్నేహితులకు పంపినవారు ఈ రోజే దానిని తొలగించి, సదఖా ఇవ్వండి. ఈ ఆటలో అప్పులపాలైన కుటుంబం మీ వీధిలో ఉంటే, నమాజు తరువాత కమిటీ పెద్దలతో ఏకాంతంగా చెప్పండి. వారి పేరు మరొకరి చెవిన పడకూడదు.