నలభై వేల కారు, అసలు ఎస్టిమేటు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పొదుపు" మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. నా సంగతి తెలిసి కోరినారో, తెలియక కోరినారో గాని, బయట వేపచెట్టు కింద నిలిపిన తెల్ల ఫియట్ కారు నాదేనని తమలో చాలామందికి తెలుసు. ఆ కారు పెట్టుకొని పొదుపు గురించి ఉపన్యసిస్తే వెనక వరుసలోని మిత్రులు నవ్వక మానరు. కనుక ఆ కారు లెక్కే చెబుతాను. ముప్పై ఏళ్లు క్యాష్ బుక్కు రాసినవాణ్ణి, లెక్క దాచడం నాకు చేతకాదు.

మన కాలంలో కారంటే రెండే కార్లు. ఆఫీసర్లకు అంబాసిడర్, డాక్టర్లకు వకీళ్లకు ఫియట్. మనం ఫియట్ అన్నదాన్ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేసేవారు. 1974 నుంచి దాని పేరు ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, గేరు కడ్డీ స్టీరింగు పక్కన, ముందు సీటు బెంచీలాగా ఒకటే. బుక్ చేసిన తర్వాత ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా ఇదే వరస. మనవంటి గుమాస్తాలకు ఆ క్యూలో నిలబడే యోగం కూడా లేదు, సైకిలు అడ్వాన్సుతోనే సరి.

మా ఆఫీసుకు ఎదురుగా ఒక వకీలుగారు ఉండేవారు. 1984లో ఆయన తెల్ల పద్మిని కొన్నారు. 1986 వానాకాలం, మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. ఒక రాత్రి మా ఇంటావిడకు నొప్పులు మొదలైనవి. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. వకీలుగారు లుంగీ మీదనే కారు తీసి, ఆ వానలో సాగర్ రోడ్డు మీదుగా సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రికి చేర్చినారు. మా పెద్దవాడు తెల్లవారుజామున పుట్టినాడు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే, "పిల్లవానికి బట్టలు కొను" అన్నారు.

వకీలుగారు 2018లో కాలం చేసినారు. కారు రేకుల షెడ్డులో ఉండిపోయింది. 2021లో ఇల్లు అమ్మడానికి అమెరికా నుంచి వచ్చిన వారబ్బాయి నన్ను చూసి, "బాబాయ్, పాత ఇనుము కింద ఇరవై అయిదు వేలు ఇస్తామంటున్నరు" అన్నాడు. నేను నలభై వేలు ఇచ్చినాను. ఆ రాత్రి కూర్చొని ఎస్టిమేటు వేసినాను: కారు నలభై, ఇంజను ముప్పై, రంగు ఇరవై, చిల్లర పది. వెరసి లక్ష. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. సర్వీసులో ఏ కాంట్రాక్టరయినా అట్లాంటి ఎస్టిమేటు తెచ్చి ఉంటే తిప్పి పంపేవాణ్ణి.

మేస్త్రీ వచ్చి, ఒక్కమాటు చుట్టూ తిరిగి, జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుల కింద ఆనించినాడు. అంటుకోలేదు. "సారూ, ఇది రేకు కాదు, పుట్టీ" అన్నాడు. కింద మ్యాటు ఎత్తితే నేల కనిపించింది, కారు నేల కాదు, షెడ్డు నేల. ఈ అయస్కాంతం పని నేను కొనకముందు చేయవలసింది. రూపాయి ఖర్చు లేదు.

అందరూ ఇంజనుకు భయపడతారు. నిజానికి ఇంజను పని మన చేతిలో ఉంది. రీబోరు, పిస్టన్లు, బేరింగులు, వాల్వుల పని అన్నీ కలిపి 62,000 అయింది. ఒక చిక్కుంది. ఆ కాలపు పెట్రోలులో సీసం ఉండేది, వాల్వు సీట్లు అరగకుండా అది కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. కనుక హెడ్డు విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవాలి. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది, అది పాత రబ్బరును తినేస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం మార్చవలసి వచ్చింది.

మింగేసింది మాత్రం బాడీ. పద్మిని తయారీ 2001 నాటికే ఆగిపోయింది. కొత్త ఫెండరు దొరకదు, రేకు కొట్టి చేయాలి. టింకరింగు పనివాడికి రోజు కూలి. తుప్పు గోకినకొద్దీ లోపలికి పోతుంది, ఎక్కడ ఆగుతుందో ముందుగా చెప్పగలవాడు లేడు. టింకరింగు, పెయింటింగు కలిపి 1,10,000. విడి సామాను కోసం రాణీగంజ్‌కు ఇరవై మూడు సార్లు బస్సులో పోయినాను. ఒక తలుపు పిడి కోసం మూడు సార్లు. ఆ రోజులకు నేను కూలి కట్టలేదు, రిటైరయినవాడి రోజుకు వెల లేదని మనకు మనమే అనుకుంటాము.

ఇక కాగితాలు. ఆర్సీ చనిపోయినవారి పేర ఉంది, రిజిస్ట్రేషను గడువు 2019లో తీరింది. ముందు వారసుల పేర మార్పు, ఆ తరువాత నా పేర. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, అమెరికాలో ఉన్న కూతురి సంతకం కావాలి. "ఫలానా కాగితం జతపరచలేదు" అని నేనెందరి దరఖాస్తులు వాపసు చేసినానో, అవన్నీ ఆ రోజుల్లో గుర్తుకు వచ్చినవి. రెన్యువలు ఫీజు 600 ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకు 5,000 చేసినారు. నేను ముందే పోదామంటే కారు నడిచి ఇన్‌స్పెక్టరు ముందుకు రావాలి గదా, అప్పటికి దానికి నేలే లేదు. ఆలస్యమైన ప్రతి నెలకు 500 చొప్పున, 2022 డిసెంబరు దాకా 41 నెలలకు 20,500. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు వెయ్యి సీసీ లోపు అయితే 2,094. మనది 89 సీసీలు ఎక్కువ గనుక 3,416, పైన జీఎస్టీ. హరిత పన్ను, అఫిడవిట్లు వగైరాలతో కాగితాల పద్దు 38,000కు చేరింది.

వింటేజి కింద పెట్టించుకోవచ్చు గదా అని మన మిత్రులొకరు సలహా ఇచ్చినారు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండే వింటేజి. మనది 2034కు అవుతుంది, అప్పటికి నేనే వింటేజి. పైగా అట్లా నమోదైన బండిని రోజువారీ తిప్పరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ పసుపు రంగులో మెరుస్తూ ఉంటుంది, చూసే ఉంటారు. దానిని చూసి మనం లెక్క వేసుకోకూడదు.

బ్రేకులు, స్ప్రింగులు 31,000. వైరింగు, బ్యాటరీ 18,500. అయిదు టైర్లు 22,500. సీట్లు, అద్దాలు, రబ్బరు బీడింగు 27,000. షెడ్డు నుంచి తెచ్చిన కిరాయి 3,500. కొన్న ధరతో కలిపి వెరసి 3,52,500. నా లక్ష ఎస్టిమేటుకు మూడున్నర రెట్లు. నిరుడు ఒకాయన వచ్చి లక్షా అరవై వేలు ఇస్తానన్నాడు, అది మంచి ధరేనట.

ఇంతవరకు వోచర్లు ఉన్న లెక్క. వోచరు లేని పద్దు ఒకటుంది. అది చెప్పకపోతే ఈ ప్రసంగం చేయడం దండగ.

మా ఇంటావిడకు మోకాళ్లు రెండూ అరిగిపోయినవి. ఆపరేషన్ చేయించమని డాక్టరు 2021లోనే చెప్పినాడు. ఆసుపత్రి ఖర్చులు, మనిషిని పెట్టుకోవడం, ఫిజియోథెరపీ, వీటి కోసమని రెండు లక్షలు ఫిక్సుడులో పెట్టినాను. 2022 ఎండాకాలంలో టింకరింగు ఆగిపోయింది, రేకు ఊడదీసిన కారు వర్క్‌షాపులో నిలబడి ఉంది, అమ్ముదామన్నా కొనేవాడు లేడు. అట్లా సగంలో నిలిచిన బండికి ఉన్నంత బలం పూర్తయిన బండికి ఉండదు. పెట్టింది పోతుందన్న భయంతో ఇంకా పెట్టిస్తుంది. నేను ఆ ఫిక్సుడు విడిపించినాను. ఆమెకు చెప్పే చేసినాను గాని, అడిగి చేయలేదు. "ఆ కారుకు ఇంకెంత పెడ్తరు?" అని ఒక్కమాట అన్నది. మళ్లీ అనలేదు.

నేను 2009లో రిటైరయినాను. కమ్యూట్ చేసిన పెన్షను భాగం పదిహేనేళ్లకు, అంటే 2024లో తిరిగి కలిసింది. ఆ డబ్బు చేతికి వచ్చిన తర్వాతే ఆపరేషన్ జరిగింది. మధ్యలో రెండేళ్లు ఆమె మా మేడ మెట్లు గోడ పట్టుకొని, పక్కకు తిరిగి, ఒక్కొక్కటే దిగింది. కింద నేను కారు తుడుస్తూ ఉండేవాణ్ణి. ఆ మెట్లు పద్నాలుగు. దీనిని ఏ హెడ్డు కింద రాయాలో నాకు తెలియలేదు, పుస్తకంలో ఒక గీత ఖాళీగా వదిలిపెట్టినాను.

కారు కొన్నందుకు పశ్చాత్తాపమా అని అడిగితే, కాదు. వకీలుగారి కారు ఇనుముకు పోకుండా ఆగింది. కాని చేతిలో మూడున్నర లక్షలు విడిగా ఉంటేనే చేయవలసిన పని ఇది. నా దగ్గర లేవు, ఉన్నాయనుకున్నాను. తమలో ఎవరికైనా తండ్రిగారి కారో, స్కూటరో షెడ్డులో ఉంటే, ముందు అయస్కాంతం పట్టుకొని పొండి, మ్యాటు ఎత్తి చూడండి, ఆర్సీ ఎవరి పేర ఉందో చదవండి, మేస్త్రీ చెప్పిన దానిని మూడుతో హెచ్చించి ఆ కాగితం ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. మీ చేతిలో ఉంచుకోవద్దు.

ఇప్పుడు ఆమె నడుస్తున్నది. సిటీకి పోవాలంటే కారు తీస్తానంటాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, లీటరు వంద దాటిన పెట్రోలు ఎందుకు అని బస్సు ఎక్కి పోతుంది. చెరువు కట్ట దాకా మాత్రం అప్పుడప్పుడు వస్తుంది, ముందు సీటులోనే కూర్చుంటుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భోజనాలయిన తర్వాత బస్టాండు దాకా రావలసినవారు ఎవరైనా ఉంటే నలుగురు రావచ్చు. అయిదుగురయితే వెనక స్ప్రింగు ఒప్పుకోదు. సెలవు.