తప్పు పట్టు విద్య

నేను ఖిలా వరంగల్ వాడను. డిగ్రీ చదువుచునే యొక కంపెనీలో అప్రెంటిసుగా సాఫ్ట్‌వేరును పరీక్షించు పని నేర్చుకొనుచున్నాను. ఇట్టి పనిని డిగ్రీలోనే చేర్చుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020లో మార్గము చూపినది. నేర్చుకొనువానికి నెలనెలా భత్యమీయవలెనని 1961 నాటి అప్రెంటిసుల చట్టము విధించినది.

కంప్యూటరు తనంత తాను యోచింపదు. వ్రాసిన నియమమునే పాటించును. 60 ఏండ్లు నిండినవారికి పింఛను ఇమ్మనుటకు మారుగా, 60 దాటినవారికిమ్మని వ్రాసిరనుకొనుడు. 40 ఏండ్లవానితోను, 75 ఏండ్లవానితోను పరీక్షించిన ఆ తప్పు బయటపడదు. సరిగా 60 నిండిన వృద్ధుడు మాత్రము వట్టిచేతులతో మరలును. కావున మేము 59, 60, 61 అను మూడింటిని తప్పక వేసి చూతుము.

మన రాతికోట ద్వారములను చూడుడు. దారి సూటిగా లోపలికి పోదు, మలుపులు తిరుగును. గోడ నడుమకంటె వాకిటనే కాపు మిక్కిలిగా నుండవలెనని కట్టినవారెరుగుదురు. నియమమునకు హద్దు అట్టి వాకిలియే.

తప్పు పట్టువానిని లోకము మెచ్చదు. కాని మా పట్టింపు వ్రాసినవానిపై గాదు, వ్రాతపైననే. ఏ యంకె వేసితిమో, ఏమి వచ్చెనో, ఏమి రావలసియుండెనో వ్రాసి యిత్తుము, అతడు దిద్దును. మీ యింటి పిల్లలు ఈ పనికి పోయెదమన్నచో, ఇది తక్కువ విద్యయని తలంపకుడు. ఆ వృద్ధుడు వట్టిచేతులతో మరలకుండుటయే దీని ఫలము.